తెర వెనక చెంబు నీళ్ళు

నేను చూసిన మొదటి సినిమాను వెనకనుంచి చూశాను. వెనక వరసలోంచి కాదు, తెర వెనకనుంచి. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒకే సినిమాను అటునుంచీ ఇటునుంచీ చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నేనున్నాను. అందుకే దాన్ని గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

నిజాం సర్కారు కాలం. ఎక్కడో యుద్ధం నడుస్తోందని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని పెద్దవాళ్ళు చెప్పుకునే రోజులు. నాకు పదకొండేళ్ళు. చింతపండు దులిపే కాలంలో ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక చెలకలో ఒక డేరా సినిమా వచ్చి దిగింది. రెండు బండ్ల నిండా ఇనుప పెట్టెలు, గుంజలు, తాళ్ళు, ఒక పెద్ద తెల్లగుడ్డ. ఆ గుడ్డను డేరాకు నట్టనడుమ కట్టారు. ఒకవైపు బొమ్మ వేసే మిషను, మగవాళ్ళు. రెండోవైపు ఆడవాళ్ళు. దొరల ఇళ్ళ ఆడవాళ్ళు ఘోషాలో ఉంటారు కాబట్టి వాళ్ళ కోసం చేసిన ఏర్పాటది. వాళ్ళకు చేశారు కాబట్టి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే అయింది.

గుడ్డ పొడిగా ఉంటే వెలుగు మా వైపుకు దిగదు. అందుకని పొద్దుగూకి ఆట మొదలయ్యే ముందు ఇద్దరు మనుషులు నీళ్ళు చల్లి గుడ్డంతా తడిపేవాళ్ళు. నడుమ ఆరిపోతే బొమ్మ మసకబారేది. అప్పుడు మా వైపునుంచి "నీళ్ళు, నీళ్ళు" అని ఒకటే గోల. ఆ నీళ్ళు మా మోటబావివి, అందుకే మా ఇంటిల్లిపాదికీ టికెట్టు లేదు. మిషను తిప్పే ఆయన పట్నం మనిషి. రోజూ పొద్దున మా ఇంటికి మజ్జిగ తాగడానికి వచ్చేవాడు. ఆయన్ని నేను మిషినన్న అని పిలిచేదాన్ని.

ఊరంతా పోతుంటే అమ్మ మాత్రం సినిమాకు రానన్నది. నాలుగేళ్ళుగా ఆమె దేనికీ రానని అనడమే. అమ్మకు ఒక్కతే చెల్లెలు, ఆదిభట్లలో ఇచ్చారు. ఇద్దరికీ మాటల్లేవు. మా అమ్మమ్మ మా ఇంట్లోనే పోయింది. ఆమెకు బాగాలేదని చెల్లెలికి కబురు పంపడంలో అమ్మ ఒక రోజు ఆగింది. రేపటికి తేరుకుంటుందిలే, దాన్ని ఊరికే పరుగెత్తించడం ఎందుకనుకుంది. అమ్మమ్మ తేరుకోలేదు. చిన్నమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది.

"నా చేతి నీళ్ళు అమ్మ గొంతుల పడనియ్యలే నువ్వు. ఇగ నీ గడప తొక్క" అని మా వాకిట్లోనే అనేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చిన్నమ్మ తిరిగి వెళ్ళిపోయింది.

తప్పు తనదేనని అమ్మ మాతో ఒప్పుకునేది. పోయి చెల్లెలితో చెప్పాలని నెలకోసారి అనుకునేది. పోతే అది వాకిట్లోనే నిలబెట్టి పంపేస్తుందేమోనని భయపడి మానుకునేది. ఆ భయం తప్ప అమ్మకు ఇంకే భయమూ ఉండగా నేను చూడలేదు. తేలును కూడా పొరక కట్టతోనే నెట్టేసే మనిషి.

ఆ ఆట అక్కాచెల్లెళ్ళ కథని ఎవరో చెప్పాక, రెండో రోజు అమ్మ తనంతట తానే చాప చంకన పెట్టుకుని బయలుదేరింది.

కథ చాలా చిన్నది. ఒకే ఇంటికి కోడళ్ళయిన అక్కాచెల్లెళ్ళు. ఆ ఇల్లు చీలిపోతుంది, వాకిట్లో అడ్డంగా గోడ లేస్తుంది. చాలా ఏళ్ళకు చెల్లెలు వచ్చి అక్క గడప ముందు నిలబడుతుంది. అంతే. మా ఊరికి పటం కథలవాళ్ళు వచ్చేవారు. బారెడు గుడ్డ మీద గీసిన బొమ్మలను ఒక్కొక్కటిగా విప్పుతూ, కట్టెతో చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవారు. మేమంతా ఆ కట్టె చూపిన చోటికి చూడడం అలవాటైనవాళ్ళం. ఈ సినిమాలో కట్టె లేదు, పక్కన నిలబడి చెప్పేవాడూ లేడు. అయినా మేం ఎటు చూడాలో అటే చూశాం. మమ్మల్ని ఎవరు చూడమన్నారు? ఆ ప్రశ్న ఆ పూటే నా బుర్రలో దూరింది, ఇంకా బయటికి పోలేదు.

గోడ సంగతే చూడండి. ఏళ్ళు గడిచాయని ఆ సినిమాలో ఎవరూ అనరు. మొదట మోకాలెత్తు గోడ, అటూ ఇటూ ఇద్దరూ నిలబడి తగువాడుతుంటారు. మళ్ళీ చూపించేసరికి గోడ నడుమెత్తు. ఇంకోసారి చూపిస్తే అటువైపు చెల్లెలి కొప్పు ఒక్కటే కనబడుతుంది. ఆ తరువాత కొప్పు కూడా లేదు, విసుర్రాయి చప్పుడు మాత్రం వస్తుంది. మొదట్లో రెండు విసుర్రాళ్ళూ ఒక్క తీరుగా తిరిగేవి. గోడ పెరిగినకొద్దీ ఒకటి ముందు, ఒకటి వెనక. నా పక్కన కూర్చున్న వడ్లు దంచే అవ్వ దాన్ని చెవితోనే పట్టేసింది.

"ఇనుండ్రి. చెల్లె చెయ్యి ఆగింది. ఏడుస్తున్నట్టుంది" అన్నది.

తెర మీద చెల్లెలు లేదు. ఏడుపు వినబడలేదు. అవ్వ చెప్పింది మాత్రం నిజం.

మాకు అంతుపట్టనివీ ఉన్నాయి. ఆ సినిమాలో అందరూ ఎడమచేత్తో అన్నం తింటున్నారు. కొంగులన్నీ కుడి భుజం మీద. దేవుడికి హారతి కూడా ఎడమచేత్తోనే.

"సిగ్గు లేదా వీళ్ళకు? ఎడమచేత్తోని తినుడేందే?" అని ఒకామె ముక్కు మీద వేలేసుకుంది.

"పట్నంల గట్లనే తింటరేమో తియ్. మనకేం ఎరుక" అన్నది ఇంకొకామె.

మొదట్లో పడ్డ పేర్లు చదువుదామని నేను లేచి నిలబడ్డాను. బాపు దగ్గర నేను అక్షరాలు నేర్చుకున్నాను, ఆడపిల్లల్లో అవి వచ్చిన దాన్ని నేనొక్కదాన్నే, నాకా గర్వం బాగా ఉండేది. ఒక్క అక్షరం కూడా అర్థం కాలేదు. ఇదేదో తెలియని భాష అని చెప్పి మర్యాదగా కూర్చున్నాను. తెర వెనక ఉన్నాం కాబట్టి అంతా కుడియెడమలు తిరగబడి కనిపిస్తోందని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. సినిమా అంటే ఎలా ఉండాలో అంతకుముందు చూసినవాళ్ళు ఉంటే కదా.

ఇక ఆ చెంబు. చెల్లెలు ఎండలో గడప ముందు నిలబడి ఉంది. అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్న సినిమా ఒక్కసారి నోరు మూసుకుంది. సగం తెరిచిన తలుపు చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. మనిషి కాదు, ముఖం కాదు, ఒక్క చెయ్యి, ఆ చేతిలో నీళ్ళ చెంబు. తెర నిండా అదే. నా పక్క పిల్ల "ఆమె తల్కాయేది?" అని జడుసుకుంది. చెల్లెలు ఆ చేతిని చూసింది. అందుకుని, గటగటా తాగి, చెంబు గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది. ఆమె పోయిన తరువాత చెంబు కిందపడ్డ తడి గుండ్రంగా కనిపించింది. అది ఎండకు మెల్లగా ఆరిపోవడంతో ఆట అయిపోయింది.

మా వైపు ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ తుడుచుకోలేదు, కారనిచ్చింది.

మర్నాడు మా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేరి చింతపండులో గింజలు కొట్టి తీస్తూ ఆ చేతినే తిరగేశారు. అందరూ ఎడమచేత్తో తినే ఆ లోకంలో అక్క మాత్రం కుడిచేత్తో నీళ్ళిచ్చిందని వాళ్ళు కనిపెట్టారు. బొటనవేలు ఎటుందో చూసి మరీ కనిపెట్టారు. నేను లోపలినుంచి చెంబు తెచ్చి ఆ చేతిలో, ఈ చేతిలో పట్టి చూపిస్తే, కుడిచెయ్యేనని నలుగురూ ఖాయం చేశారు.

"అందరు ఎడమచెయ్యి వాడుతున్నరు. ఆమె ఒక్కతి కుడిచెయ్యి చాపిందంటే ఏంది? మనసుల పెట్టుకోలేదని చెప్పింది నోరిప్పకుంట" అన్నది అమ్మ.

సినిమా చూడడమంటే ఇదీ అని ఇప్పటికీ అనుకుంటాను. చూసింది తిరగబడిన బొమ్మ, ఆలోచన మాత్రం నిఖార్సయినది. అటువైపు మగవాళ్ళు ఏం చూశారో ఈ ఆడవాళ్ళకు తెలియదు. మా ఊళ్ళో మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడుకునేవాళ్ళు. బాపును ఎలా ఉందని అడిగితే "మంచిగుంది" అని కండువా దులుపుకుని పోయాడు.

ఆ సాయంత్రం అమ్మ నాతో చెప్పింది. "ఎల్లుండి ఆదిభట్ల పోతున్న. గడప ముంగట నిలవడ్డంక ఎవలైన నీళ్ళియ్యకుంట ఉంటరా? నువ్వొస్తవా?"

నేను ఎగిరి గంతేశాను. అమ్మ ముఖంలో నాలుగేళ్ళ తరువాత ఏదో కదిలింది. ఆ వెలుగు ఆరిపోకూడదని నాకు గట్టిగా అనిపించింది.

తెల్లారి మజ్జిగకు వచ్చిన మిషినన్నను నేను వదల్లేదు. మనిషిని కోసి చెయ్యి ఒక్కటే ఎలా చూపించారని అడిగాను. ఆయన నవ్వి జేబులోంచి వేలెడు ఫిల్ము ముక్క తీశాడు. ముందురోజు ఆటలో సరిగ్గా అక్కడే రీలు తెగిందట. చిరిగిన చోట కోసి అతికించగా మిగిలిన ముక్క అది.

"మనిషిని కొయ్యలే బేటీ. బొమ్మ తీసే డబ్బాను దగ్గరికి తీస్కపోయిండ్రు, గంతే. నువ్వు పురుగును చూడనీకి వంగుతవ్ గదా, గట్ల."

ముక్కను ఎండకు పెట్టి చూశాను. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒకేలాంటి చిన్న చిన్న చేతులు. ఇదీ పటమే, మా పటం కథలవాళ్ళ గుడ్డలాగా పై నుంచి కిందికి విప్పే పటం. ఒక అంచున సన్నటి గీత ఉంది. అది మాట అన్నాడు ఆయన. మనుషులు మాట్లాడితే ఆ గీత వంకరలు తిరుగుతుందట. ఈ ముక్కలో అది తిన్నగా, కదలకుండా ఉంది. మౌనం ఎలా ఉంటుందో నేను కళ్ళతో చూసిన రోజు అదే.

ముక్కను అటూ ఇటూ తిప్పాను. ఇటునుంచి చూస్తే కుడిచెయ్యి. తిప్పితే ఎడమచెయ్యి.

"ఏది సీదా?" అన్నాను.

"మాట గీత ఈ పక్కకు ఉండాలె. గప్పుడే సీదా." ఆయన తిప్పి పట్టుకున్నాడు. ఎడమచెయ్యి. "ఎడమచేత్తోనే ఇస్తది అక్క. కావాలనే. ఆట జాన్, పాణం అంత గాడనే ఉంది. గది తెల్సి కూడ చెల్లె తాగుతది సూడు."

"మేం కుడిచెయ్యి చూసినం."

"మీరు ఉల్టా కూసున్నరు గద" అని మజ్జిగ చెంబు ఎత్తాడు.

అందరూ ఎడమచేత్తో తినడం, తెలియని భాష, కుడి భుజం మీద కొంగు, అన్నీ ఒక్కసారి తిరిగి తమ తమ చోట్ల కూర్చున్నాయి. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. వెంటనే అమ్మతో చెప్పాలని పరుగెత్తాను. లోపల అమ్మ కొత్త చింతపండును ముద్దలు చేసి చెల్లెలి కోసం మూట కడుతోంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. చెప్తే ఈ మూట విప్పేస్తుంది, ఇక జన్మలో ఆదిభట్ల వెళ్ళదు. చెప్పకపోతే, కుడిచెయ్యి వస్తుందనుకుని వెళ్ళి అమ్మ ఏం చూడాల్సి వస్తుందో. నాకు తెలిసినదాన్ని ఎవరితోనూ చెప్పకుండా ఉండడం నాకు అలవాటు లేని పని. ఫిల్ము ముక్కను లంగా బొందులో చెక్కుకుని నోరు మూసుకున్నాను.

మూడు కోసుల దారి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరేసరికి ఆదిభట్ల చేరాం. దారి పొడుగునా అమ్మ మాట్లాడుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. "ఏమైందే నీకు? నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా?" అని కూడా అడిగింది.

చిన్నమ్మ ఇంటి తలుపు సగం తెరిచి ఉంది. అది చూడగానే నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అమ్మ గడప ముందు నిలబడి "చెల్లే" అని పిలిచింది. లోపల చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది. చిన్నమ్మ తలుపు దాకా వచ్చి మమ్మల్ని చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. మేం ఎండలో నిలబడే ఉన్నాం. తరువాత ఆ చీకట్లోంచి చెంబు వచ్చింది.

ఎడమచేతిలో.

కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. పిండి లేదు, తడి లేదు, ఏ పనిలోనూ లేదు. నేను చూశాను, అమ్మ కూడా చూసింది. సినిమాలో కెమెరా దగ్గరికి వెళ్ళి చూపించినదాన్ని అమ్మ తన కళ్ళతోనే దగ్గరికి వెళ్ళి చూసినట్టుంది. ఆమె ముఖంలో రంగు పోయింది. ఇప్పుడు వెనక్కి తిరుగుతుందని అనుకున్నాను. ముందే చెప్పి ఉంటే ఈ అవమానం తప్పేది కదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

అమ్మ చెంబు అందుకుంది. రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క మిగలకుండా తాగింది. చెంబును గడప మీద పెట్టలేదు. చెల్లెలి ముందుకే చాపింది.

"ఇంకో చెంబు తే. దూప తీరలే."

చిన్నమ్మ బిత్తరపోయింది. ఇలాంటి దానికి ఆమె కూడా ఏమీ సిద్ధం చేసుకుని ఉండదు. చెంబు తీసుకుని లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. కుండ మీద మూత తీసిన చప్పుడు వినిపించింది, తరువాత ఏమీ లేదు. అమ్మ చంకలోని చింతపండు మూటను సర్దుకుంటూ అక్కడే నిలబడింది.

రెండో చెంబు కుడిచేతిలో వచ్చింది. ఎడమచెయ్యి ఆ మోచేతికి ఆనించి, పెద్దవాళ్ళకు ఇచ్చేటట్టు.

అమ్మ చెంబు పట్టుకోలేదు. మూట నా చేతిలో పెట్టి, వంగి దోసిలి పట్టింది. "నువ్వే పొయ్యి" అన్నది. "నాదే తప్పు. ఒక్క రోజు ఆగిన. అమ్మ లేస్తదనుకున్న."

చిన్నమ్మ పోసింది. అమ్మ తాగుతూనే ఉంది, చిన్నమ్మ పోస్తూనే ఉంది. సగం నీళ్ళు మెడ మీదుగా కారిపోయాయి. చెంబు అయిపోయాక కూడా చిన్నమ్మ దాన్ని అలాగే వంచి పట్టుకుని ఏడ్చింది. అదంతా చూసి నేనూ ఏడ్చాను.

"లోపలికి రా అక్కా. ఎండల ఎంత సేపు నిలవడతవ్" అన్నది చివరికి, తిట్టినట్టుగానే.

రెండు రోజులుండి తిరిగి వస్తుంటే దారిలో ఇక ఆగలేకపోయాను. ఫిల్ము ముక్క తీసి, ఎండకు పట్టి, మాట గీతను ఇటు పక్కకు తిప్పి అమ్మకు చూపించాను. మనం వెనకనుంచి చూశామని, అక్క ఇచ్చింది ఎడమచేత్తోనేనని, నాకు ముందే తెలుసని కూడా చెప్పేశాను. నాలుగు తగుల్తాయనుకున్నాను. అమ్మ కన్ను చిట్లించి ఆ చిన్న చేతులను చాలాసేపు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అయితే చెల్లె ఎందుకు ఎల్లిపోయింది?" అన్నది.

"ఎడమచేత్తోని ఇచ్చింది గదనే."

"ఇస్తే? ఇంకో చెంబు అడగాలె గద" అని ముక్కను నా చేతిలో పెట్టి నడిచింది.

సర్కారు మారడానికి ముందటి ఏడు నాకు పెళ్ళయి పట్నం వచ్చాను. అక్కడ ఒక టాకీసులో అదే సినిమా మళ్ళీ ఆడింది. ఆడవాళ్ళకు మేడ మీద పరదా కట్టిన చోటు. దీపాలు ఆరగానే పరదా తీశారు, ఈసారి ముందునుంచి చూశాను. అక్షరాలన్నీ చదవగలిగాను. గోడ లేచింది, విసుర్రాళ్ళు విడిపోయాయి. చెయ్యి వచ్చినప్పుడు కెమెరా ఎక్కడ ఉందో కూడా కనిపెట్టాను. నిలబడ్డ మనిషి కళ్ళ ఎత్తులో కాదు, ఇంకా కింద, గడప దగ్గర కూలబడడానికి వంగుతున్న మనిషి ఎత్తులో. అందుకే ఆ చెయ్యి అంత పైనుంచి వచ్చినట్టు ఉంటుంది. ఎడమచెయ్యి. తీసినవాడు మహా గట్టివాడు, ఒప్పుకోవాల్సిందే.

చెల్లెలు తాగింది. చెంబు గడప మీద పెట్టింది. వెనక్కి తిరిగింది.

"ఇంకో చెంబు అడుగు" అన్నాను నేను, పైకే.

పక్కన కూర్చున్న ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను తెర మీదనుంచి కళ్ళు తీయలేదు. గడప మీద తడి ఆరిపోయేదాకా చూశాను.